పీత బొక్క

మా ఆయన లస్కరు.
రాత్రి రెండు దాటాక టార్చిలైటు పట్టుకుని
లాకు నుంచి తూము దాకా కాలవ గట్టు తిరుగుతాడు.
పాము కోసం కాదు, దొంగ కోసం కాదు,
పీత బొక్క కోసం.

వేలు పట్టేంత ఉంటుందంతే.
అవతలి చేలో మట్టి కాస్త చెమరుస్తుంది.
చూసినవాడికి గుప్పెడు బంకమన్ను పని.
చూడనివాడికి గండి.
ఇక ఇసక బస్తాలూ జీపులూ ఊరంతా కేకలూ.
"పీత చప్పుడు చెయ్యదే, నీళ్ళే చేస్తాయి,
అదీ ఆఖర్న" అంటాడు.

ముప్పై ఏళ్ళు ఆ మాట విన్నాను
చేపల పులుసు వడ్డిస్తూ.
నా గురించనుకోలేదు.

మా తోటికోడలు పల్లాలమ్మ
ముట్లుడిగిన రెండేళ్ళకి మళ్ళీ మరక చూసింది.
వేడి చేసిందన్నారు. సబ్జా నీళ్ళు తాగింది.
నడుం నొప్పంటే ఊడ్పులన్నారు.
నిజమే, ఊడ్పుల్లో ఎవరికి లేదు నడుం నొప్పి?
వాసన వస్తోందని తనే పక్క తీసుకెళ్ళి వసారాలో వేసుకుంది.
జబ్బు పేరు తెలిసేసరికి
కాకినాడ పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టించాలన్నారు.
పాతిక రోజులు బస్సులో వెళ్ళొచ్చింది.
యానాం వంతెన మీద కిటికీ తీసి గోదారిని చూసేది
దానికేదో బాకీ ఉన్నట్టు.
దాళవా కోతలకి లేదు.

దినం వంటల దగ్గర మేం గుసగుసలాడుకున్నాం.
"అక్కడ" అన్నాం. "ఆ చోట" అన్నాం.
బిడ్డలు నడిచొచ్చిన దారికి
మా నోళ్ళలో పేరు లేదు.

నర్సు సువార్త మాత్రం పేరు పెట్టి పిలిచింది.
గర్భసంచి ముఖద్వారం, అంది,
గడియారస్తంభం సెంటరు అన్నంత తేలిగ్గా.
ముప్పై దాటినవాళ్ళంతా రండి.
ఏమీ లేకపోయినా రండి.
ఏమీ లేనప్పుడే రండి.

నేను వెళ్ళలేదు. కొబ్బరి దింపులున్నాయన్నాను.
పై నెల పీచుమిల్లులో ఓవర్‌టైమన్నాను.
సిగ్గు అనే మాట అనకుండా ఎన్ని పనులు చెప్పొచ్చో!

ఓ తెల్లవారుజామున మోకాళ్ళ దాకా బురదతో వచ్చి
కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.
"పల్లాలొదినకి మనం టార్చి వెయ్యలేదు కదే."
టార్చి బల్ల మీద పెట్టాడు.
ఆర్పడం మర్చిపోయాడు.

మంచం. తెర. ఎత్తిన మోకాళ్ళు.
చల్లటి ఇనుము, వెచ్చటి సువార్త చెయ్యి.
దూదితో వెనిగర్ అద్దింది.
నూడుల్స్ బండి వాసన, నవ్వొచ్చింది, ఆ వేళలో!
"ఒక్క నిమిషం కదలకమ్మా."
ఫ్యానుకి మూడు రెక్కలు. నాలుగోసారి లెక్కపెట్టినా మూడే.
లైటు వంచి చూసింది.
మళ్ళీ చూసింది.
"బియ్యపుగింజంత తెల్లబడిందమ్మా."

వేలు పట్టేంత.

ముక్క తీసి పంపారు. పది రోజులు పులుసులో ఉప్పు మరిచాను.
ఇంకా క్యాన్సర్ కాదంది డాక్టరమ్మ,
వదిలేస్తే ఏ పదేళ్ళకో అవ్వొచ్చంది.
వేడి మొన ఆనించి మాడ్చేసింది.
కాస్త కడుపు నొప్పి.
సాయంత్రం ఇంటికొచ్చి బియ్యం కడిగాను.
గుప్పెడు బంకమన్ను పని.
ఏడాదికి మళ్ళీ రమ్మంది.

పల్లాలమ్మ మనవరాలు మోక్షితకి పన్నెండు.
"చిన్నపిల్లకి ఆ సూదెందుకు?" అన్నాడు వాళ్ళ నాన్న.
చిన్నపిల్ల కాబట్టే, అన్నాను.
కాలవకి నీళ్ళొదిలాక గట్టుకి దిమ్మిస కొడతావట్రా?

చీమ కుట్టినట్టుందట.
భుజం నొప్పి పేరు చెప్పి హోంవర్కు ఎగ్గొట్టింది.
"ఇంక నాకు రాదా చిన్ననానమ్మా?"
చాలామటుకు రాదు.
అయినా ముప్పై దాటాక నీ గట్టు నువ్వు తిరగాల్సిందే.

ఇప్పుడు పీచుమిల్లులో ముక్కుకి కొంగు కట్టుకుని
ఆ పేరు నేనూ చెప్తున్నాను.
మిషను హోరులో అరవాల్సొస్తోంది.
మగాళ్ళు తల తిప్పుకుంటారు. తిప్పుకోనీ.
నిన్న ముగ్గురు వచ్చారు నాతో.
నాలుగో ఆవిడ గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది,
కొబ్బరి దింపులున్నాయట.
రేపు మళ్ళీ అడుగుతా.

రెండు దాటింది.
గట్టు మీద వెలుగు కదుల్తోంది.
ఆగింది.
వంగాడు.